టైల్స్ పనివారి ఉపాధి భవిష్యత్తు: శిక్షణ, వలస, యాంత్రీకరణ

1. లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:

- టైల్స్ పని ప్రత్యేక వృత్తిగా ఎలా రూపొందిందో వివరించగలుగుతారు.
- రోజు కూలికీ గుత్త పనికీ ఉన్న తేడాను లెక్కవేసి చూపగలుగుతారు.
- నైపుణ్య ధ్రువపత్రం వల్ల కలిగే ప్రయోజనాన్ని, దాని పరిమితులను చర్చించగలుగుతారు.
- విదేశాలకు వెళ్లడం లాభమో కాదో తేల్చే లెక్క వేయగలుగుతారు.
- ఈ పనిలో యంత్రాలకు ఏది వెళ్తుందో, మనిషి చేతిలో ఏది మిగులుతుందో గుర్తించగలుగుతారు.

2. పరిచయం

నూజివీడు పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మామిడి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, ఇక్కడివారు కలెక్టరు కాయ అని పిలిచే తోతాపురి ఈ ప్రాంతపు ప్రధాన రకాలు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లాలో భాగం. ఇక్కడి తోటల్లో పని ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. వేసవిలో కోత, గ్రేడింగు, ప్యాకింగు, లోడింగు ఉన్నన్నాళ్లు చేతినిండా పని. ఆ తరువాత చాలామంది యువకులు విజయవాడ, గన్నవరం, హనుమాన్ జంక్షన్, ఏలూరు వైపు భవన నిర్మాణ పనులకు వెళ్తారు. ఆ పనుల్లో ఇప్పుడు అందరి దృష్టీ పడుతున్నది టైల్స్ పని.

ఈ పాఠం రాయడానికి నాకు ఒక కారణం ఉంది. పదవీ విరమణ తరువాత నూజివీడులో మా ఇంటికి మరమ్మతులు చేయించాను. మొదట వచ్చిన ముఠా స్నానాల గదిలో పరిచిన నేల చూడటానికి అద్దంలా ఉంది. బకెట్ నీళ్లు పోస్తే అవి గొట్టం వైపు వెళ్లకుండా మూలకు చేరి నిలిచిపోయాయి. రెండోసారి పిలిచిన మేస్త్రి ఆ టైల్స్ తీసి, వాలు సరిచేసి, మళ్లీ పరిచాడు. డబ్బులు ఇవ్వబోతే, "ముందు నీళ్లు పోసి చూడండి మాస్టారూ, ఇవ్వడం తరువాత" అన్నాడు. వెళ్లేముందు ఇంకో మాట అడిగాడు. "ఇరవై ఏళ్లుగా పరుస్తున్నానండి. చేతిలో పని ఉంది గాని కాగితం లేదు. మావాడు ఇంటరు చదివి నాతోపాటు పనిలోకి వస్తున్నాడు. గల్ఫ్ వెళ్తానంటున్నాడు, ఉన్న రెండెకరాల తోట మీద అప్పు తెమ్మంటున్నాడు. పంపమంటారా?"

నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను ఆ రోజు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు ఎలా జవాబు వెతకాలో ఈ పాఠంలో చూద్దాం. మీలో కొందరు పగలు ఇదే పని చేసి రాత్రి ఈ పుస్తకం తెరుస్తూ ఉండవచ్చు. మీకు ఇది మరింత దగ్గరి విషయం.

3. నేల మారింది, పని మారింది

మన ఇళ్లలో మొదట ఉన్నది పేడతో అలికిన మట్టి నేల. తరువాత సున్నపు గచ్చు, సిమెంటు గచ్చు వచ్చాయి. బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు చాలాకాలం మధ్యతరగతి ఇంటి నేలగా ఉన్నాయి. ఆపైన మొజాయిక్, దాని వెనుక సెరామిక్ టైల్స్, ఇప్పుడు విట్రిఫైడ్ టైల్స్ వచ్చాయి. దేశంలో తయారయ్యే సెరామిక్ టైల్స్‌లో అత్యధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తుంది. అక్కడ తయారైన టైలు లారీ ఎక్కి నూజివీడు దుకాణానికి చేరుతున్నది.

గచ్చు, నాపరాళ్ల కాలంలో గోడ కట్టిన తాపీ మేస్త్రే నేల కూడా వేసేవాడు. టైల్స్ పని వేరుపడటానికి కారణం ఆ వస్తువు స్వభావంలోనే ఉంది. గోడలకు వేసే మామూలు సెరామిక్ టైలు నీటిని బాగా పీల్చుకుంటుంది. అందుకే దాన్ని నీళ్లలో నానబెట్టి సిమెంటు మాలుతో అతికిస్తారు. విట్రిఫైడ్ టైలు తన బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చదు. మాలు దానికి గట్టిగా పట్టదు. పైకి బాగానే కనిపించినా, కొన్నాళ్లకు వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. అందుకే ప్రత్యేకమైన జిగురు పొడులు వచ్చాయి. వాటికి ఐఎస్ 15477 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. ఏ టైలుకు ఏ జిగురు, ఎంత మందం, ఎంతసేపు ఆరనివ్వాలి, సందు ఎంత వదలాలి అనేవి తెలియాలి. రసమట్టం, మూలమట్టం, దారం పాత పనిముట్లే. వాటి పక్కన లేజర్ మట్టం, స్పేసర్లు, లెవెలింగు క్లిప్పులు చేరాయి. ఈ విధంగా ఒక పని రెండుగా చీలి కొత్త వృత్తి ఏర్పడటాన్ని శ్రమ విభజన అంటాం.

4. పనిలో మెట్లు, సంపాదన లెక్క

ఈ వృత్తిలో సాధారణంగా నాలుగు మెట్లు కనిపిస్తాయి: మాలు కలిపి టైల్స్ అందించే హెల్పరు, మేస్త్రి పక్కన కోత, సందులు నింపడం నేర్చుకునేవాడు, సొంతంగా పరిచే మేస్త్రి, నలుగురిని వెంటపెట్టుకుని పని ఒప్పుకునే ముఠా మేస్త్రి. పై మెట్టుకు వెళ్లేకొద్దీ చేతి పని తగ్గి లెక్క పని పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు అనుకుందాం. వైశాల్యం 120 చదరపు అడుగులు. 2 అడుగుల చదరపు టైలు 4 చదరపు అడుగులు కనుక 30 టైల్స్ కావాలి. కోతలో, రవాణాలో పోయేవాటికి 10 శాతం కలిపితే 33. ఈ లెక్క ఇంటి యజమాని ముందు తడుముకోకుండా చెప్పగలిగినవాడికే గుత్త దొరుకుతుంది.

ఇప్పుడు కూలి సంగతి. ఇక్కడి అంకెలు లెక్క నేర్పడానికి తీసుకున్నవే. మీ ఊరి రేట్లు వేసి మళ్లీ చేసుకోండి. మేస్త్రికి రోజు కూలి 1,000 రూపాయలు అనుకుందాం. అదే పనిని అతను చదరపు అడుగుకు 25 రూపాయల చొప్పున గుత్తకు తీసుకుని, ఒక హెల్పరుతో రోజుకు 100 అడుగులు పరిస్తే 2,500 వస్తాయి. హెల్పరుకు 800, బ్లేడ్లు, ప్రయాణం వగైరాలకు 200 పోతే మిగిలేది 1,500. రోజు కూలి కంటే 500 ఎక్కువ. అయితే మర్నాడు 40 అడుగులు డొల్లగా తేలి మళ్లీ పరచవలసి వస్తే ఆ లాభం ఆవిరవుతుంది. గుత్తలో అదనంగా వచ్చేది ఊరికే రాదు. నష్టభయాన్ని మోసినందుకు, నాణ్యతకు పూచీపడినందుకు దక్కే ప్రతిఫలం అది.

మామిడి రైతుకు ఈ సూత్రం కొత్త కాదు. తోటను పూత మీద అమ్ముకున్న రైతుకు చేతిలో ముందుగా డబ్బు పడుతుంది. కాపు బాగా కాస్తే లాభం వ్యాపారిది. కోతదాకా ఆగిన రైతు గాలివానకు భయపడుతూ ఉండాలి, కాని ధర పలికితే అది అతనిదే. ముఠా మేస్త్రి దగ్గర వేలకు వేలు అడ్వాన్సు తీసుకున్న పనివాడు తన శ్రమను పూత మీద అమ్ముకున్నట్టే. సీజనులో వేరేచోట ఎక్కువ కూలి వచ్చినా అతను కదలలేడు.

5. శిక్షణ, ధ్రువపత్రం

మన ప్రాంతంలో ఎక్కువమంది ఈ పనిని బంధువు వెంట, ఊరివాడి వెంట వెళ్లి చూసి నేర్చుకున్నవారే. ఇందులో లోపం ఏమీ లేదు. కాని అలా వచ్చిన నైపుణ్యం తెలిసినవారి మధ్యనే చెల్లుతుంది. నూజివీడులో "ఫలానా మేస్త్రి పని చూడండి" అంటే చాలు. హైదరాబాదులోనో దోహాలోనో ఆ మాటకు విలువ ఉండదు. అక్కడ నైపుణ్యానికి రుజువు కావాలి. అర్థశాస్త్రంలో దీన్ని సంకేతం అంటారు. పని ఇచ్చేవాడు పనివాడి సామర్థ్యాన్ని ముందుగా చూడలేడు కనుక ధ్రువపత్రాన్ని సంకేతంగా తీసుకుంటాడు.

ఇందుకు మన దేశంలో ఉన్న ప్రధాన మార్గాలు ఇవి:

అ) 2013 డిసెంబరులో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చింది. దాని ప్రకారం టైల్స్ పనికి విడిగా ఒక అర్హతను రూపొందించారు. 

ఆ) 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పూర్వ నైపుణ్య గుర్తింపు అనే విభాగం ఉంది. ఇప్పటికే పని వచ్చినవారు కొద్దిపాటి శిక్షణతో పరీక్షకు కూర్చుని ధ్రువపత్రం పొందవచ్చు. మా మేస్త్రి లాంటివారికి సరిపోయేది ఇదే.

ఇ) 1998లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ రంగ వృత్తుల్లో శిక్షణ ఇస్తున్నది.

ఈ) 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. టైల్స్ పని పేరు విడిగా లేదు గాని తాపీ పని ఉంది. ప్రాథమిక శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో మొత్తం 3 లక్షల వరకు రుణం ఇందులోని సౌకర్యాలు.

ధ్రువపత్రం ఉంటే చాలు, పని వచ్చేసినట్టే అనుకోకూడదు. వారం రోజుల తరగతి వాలు తీయడం నేర్పదు. అయితే అర్హత నిబంధనను పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో జర్మనీ అనుభవం చెబుతుంది. 2004లో ఆ దేశం టైల్స్ పనితోసహా 53 వృత్తుల్లో, సొంతంగా వ్యాపారం పెట్టాలంటే మాస్టర్ అర్హత ఉండాలన్న నిబంధనను తీసేసింది. ఒంటరిగా పనిచేసే చిన్న సంస్థలు విపరీతంగా పెరిగాయి, పని నేర్చుకునే అప్రెంటిస్‌లు తగ్గిపోయారు. 2020 ఫిబ్రవరిలో టైల్స్ పనితోసహా 12 వృత్తులకు ఆ నిబంధనను తిరిగి తెచ్చారు. నేర్పేవాడు లేనిచోట వృత్తి నిలబడదని ఈ ఉదాహరణ సారాంశం.

6. వలస

వలస అనగానే మనవాళ్లు బయటికి వెళ్లడమే గుర్తొస్తుంది. లోపలికి వచ్చే వలస కూడా ఉంది. మన పట్టణాల్లో మార్బుల్, గ్రానైట్, టైల్స్ పనుల్లో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ పనివారు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. వారిని పోటీదారులుగా చూసేముందు మన చరిత్ర గుర్తు తెచ్చుకోవాలి. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు. శ్రీకాకుళం నుంచి వెళ్లినవారు ఎన్నో నగరాల్లో భవనాలు లేపారు. గోదావరి జిల్లాలు, కడప, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలవారు దశాబ్దాలుగా గల్ఫ్‌కు వెళ్తున్నారు.

దగ్గరి పనికి కూడా ఒడిదుడుకులు తప్పవు. అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినప్పుడు చుట్టుపక్కల పనివారికి ఆశ కలిగింది. 2019 తరువాత పనులు ఆగిపోయాయి. 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. భవనంలో టైల్స్ పని చివరి దశలో వస్తుంది కనుక, పునాదులు పడిన చాలాకాలానికి గాని టైల్స్ మేస్త్రికి పిలుపు రాదు. 

విదేశీ వలసలో ఇటీవలి ఉదాహరణ ఇజ్రాయెల్. 2023లో కుదిరిన ఒప్పందం 42,000 మంది భారతీయ కార్మికులకు సంబంధించినది. అందులో 34,000 నిర్మాణ రంగానివి. షట్టరింగు, ఇనుము వంచడం, ప్లాస్టరింగులతోపాటు సెరామిక్ టైల్స్ పని కూడా ఎంపిక చేసిన వృత్తుల్లో ఒకటి. నెలకు సుమారు 1.37 లక్షల రూపాయల వేతనం ప్రకటించారు. అభ్యర్థులకు పని చేయించి చూసే పరీక్షలు పెట్టారు. అయినా వెళ్లినవారిలో కొందరికి చాలినంత నైపుణ్యం లేదని తేలి, వేరే పనులకు మార్చినట్టు 2024లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. పైగా అప్పట్లో అది యుద్ధం జరుగుతున్న ప్రాంతం. వేతనం ఎక్కువగా ఉన్నచోట ఆ ఎక్కువ దేనికి ఇస్తున్నారో అడగాలి.

గల్ఫ్ దేశాలతోసహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేవారిలో పదో తరగతి పూర్తికానివారి పాస్‌పోర్టుపై ఈసీఆర్ అనే గుర్తింపు ఉంటుంది. వారికి ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడా ఉంటుంది. పదో తరగతి దాటినవారికి ఈ అనుమతి అక్కర్లేదు. దీన్ని సౌకర్యం అనుకుంటాం గాని, వారి ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున ఎవరూ ముందుగా చూడరని కూడా దీని అర్థం. చదువుకున్నవాడు తన కాగితాలు తానే చూసుకోవాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో తెలుస్తుంది. 1983 వలస చట్టం కింద రూపొందిన నియమాల ప్రకారం ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే అది అక్రమం.

ఇప్పుడు మేస్త్రి కొడుకు లెక్క వేద్దాం. ఇవి కూడా ఊహించుకున్న అంకెలే. ఇక్కడ తన ఖర్చులు పోను నెలకు 15,000 మిగులుతున్నాయి. అక్కడ 24,000 మిగులుతాయి. తేడా 9,000. ఒప్పందం 24 నెలలు. అప్పుకు వడ్డీ నెలకు నూటికి 2 రూపాయలు. నెలనెలా ఆ 9,000 అప్పుకే కడతాడనుకుందాం.

మొదటి మార్గం: లైసెన్సు లేని దళారికి ఇతర ఖర్చులతో కలిపి 1,20,000 ఇచ్చాడు. అప్పు తీరడానికి సుమారు 16 నెలలు పడుతుంది. మిగిలిన 8 నెలల్లో చేతికి వచ్చే అదనపు సంపాదన 72,000.

రెండో మార్గం: లైసెన్సు ఉన్న ఏజెంటు ద్వారా మొత్తం 50,000 ఖర్చుతో వెళ్లాడు. అప్పు సుమారు 6 నెలల్లో తీరుతుంది. మిగిలిన 18 నెలల్లో 1,62,000.

దేశం అదే, పని అదే, జీతం అదే. మారింది వెళ్లిన దారి మాత్రమే. మొదటి మార్గంలో ఏడో నెలలో పని పోయి తిరిగి రావలసి వస్తే అప్పు ఇంకా చాలా మిగిలి ఉంటుంది, తోట తాకట్టులో ఉంటుంది. 2020లో కోవిడ్ సమయంలో ఎందరో ఇలాగే గడువుకు ముందే తిరిగొచ్చారు. అందువల్ల వలస లెక్కలో జీతం కంటే ముందు చూడవలసింది అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందన్నది.

7. యంత్రాలు వస్తే?

టైల్స్ పరిచే రోబోలు కల్పన కాదు. చైనాలో టైల్స్ పరిశ్రమకు పేరుపొందిన ఫోషాన్ నగరంలోనే బ్రైట్ డ్రీమ్ రోబోటిక్స్ అనే సంస్థ నేలపై టైల్స్ పరిచే యంత్రాన్ని తయారుచేసింది. విశాలమైన, చదునైన, అడ్డులేని నేల మీద ఇలాంటి యంత్రం బాగా పనిచేస్తుంది: విమానాశ్రయం, మాల్, పెద్ద అపార్టుమెంటు హాలు. మన ఇళ్లలో గోడలు మూలమట్టానికి రావు. ద్వారబంధం చుట్టూ కోత, మెట్లు, పూజగది గట్టు, స్నానాల గదిలో మీటరుకు సెంటీమీటరు చొప్పున తీసే వాలు అన్నీ ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. యంత్రాన్ని ఆ గదిలోకి తెచ్చి అమర్చే ఖర్చు పని విలువను మించిపోతుంది.

కనుక యంత్రం వృత్తిని మొత్తంగా మింగదు, అందులోని కొన్ని పనులను తీసుకుంటుంది. ముందుగా పోయేది ఒకే రకంగా మళ్లీ మళ్లీ చేసే పని, అంటే పెద్ద హాళ్లలో సూటిగా పరచడం. మిగిలేవి కోత, వాలు, పాత నేల మరమ్మతు, తడి చేరకుండా చేసే పని. రోబో రాకముందే చిన్న పనిముట్లు ఈ మార్పును తెచ్చాయి. లేజర్ మట్టం, క్లిప్పులు వచ్చాక కొత్తవాడు కూడా చదునుగా పరచగలుగుతున్నాడు. చదునుగా పరచడమొక్కటే వచ్చినవాడి విలువ ఆ మేరకు తగ్గింది.

8. ఆరోగ్యం, భద్రత

యంత్రం కంటే ముందు ఈ వృత్తిని కుదించేది ఒంటి నొప్పి, దుమ్ము. రోజంతా మోకాళ్ల మీద కూర్చుని చేసే పని ఇది. మోకాళ్ల కింద మెత్తటి ప్యాడ్లు కట్టుకోవడం నామోషీ కాదు. కటింగు మిషన్‌తో పొడిగా కోసినప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక నయం చేసే మందు లేదు. సిలికా ఎక్కువగా ఉండే కృత్రిమ రాతి పలకలను ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. నీళ్లు పోస్తూ కోయడం, గదిలో కాకుండా ఆరుబయట కోయడం, సరైన మాస్కు వాడటం మన చేతిలో ఉన్న జాగ్రత్తలు.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు పనిచేసినవారికి సంక్షేమ మండలిలో సభ్యత్వపు హక్కు కల్పించింది. నిర్మాణ వ్యయంలో 1 శాతంగా వసూలయ్యే సెస్సు ఈ నిధికి ఆధారం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఈ చట్టం కలిసింది. నమోదు చేయించుకోనివారికి మాత్రం నిధి ఉన్నా లేనట్టే.

9. సారాంశం

టైల్స్ పనికి గిరాకీ ఉంది. అది ఎవరికి దక్కుతుందన్నదే ప్రశ్న. చేతిలో పని మాత్రమే ఉన్నవాడు తెలిసిన నాలుగు ఊళ్లలో బతుకుతాడు. పనికి రుజువు, కొలతకు లెక్క, ఒప్పందానికి కాగితం ఉన్నవాడికి ఎక్కడికైనా దారి ఉంటుంది. యంత్రాలు తేలిక పనిని తీసుకుంటాయి, కష్టమైన పనికి విలువ పెరుగుతుంది.

ఆ మేస్త్రికి ఇప్పుడు నేను చెప్పేది ఇది. "తోటను తాకట్టు పెట్టి పంపవద్దు. ముందు నీకూ, అబ్బాయికీ పూర్వ నైపుణ్య గుర్తింపు పరీక్ష రాయించు. వాలు తీయడం, కోత నువ్వే నేర్పు. గుత్త లెక్క, బిల్లు అతన్ని రాయమను. లైసెన్సు ఉన్న ఏజెంటు దగ్గర, రాసిన ఒప్పందంతో, ఆరేడు నెలల్లో తీరే అప్పుతో వెళ్లగలిగితే అప్పుడు వెళ్లనివ్వు. అంతవరకు ఇక్కడి పని కూడా చిన్నదేం కాదు."

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) విట్రిఫైడ్ టైలుకు సిమెంటు మాలు గట్టిగా పట్టకపోవడానికి కారణం ఏమిటి?
ఆ) మీ ఊరి రేట్లతో రోజు కూలిని, గుత్త పనిని పోల్చి లెక్క వేయండి.
ఇ) ధ్రువపత్రాన్ని సంకేతం అని ఎందుకు అంటారు? దాని పరిమితి ఏమిటి?
ఈ) మీకు తెలిసిన ఒక వలస కార్మికుణ్ణి అడిగి, అతని అప్పు ఎన్ని నెలల్లో తీరిందో తెలుసుకుని ఒక పేజీ రాయండి.
ఉ) మీ ఇంట్లోని నేలలో ఏ భాగాన్ని యంత్రం పరచగలదు, ఏ భాగాన్ని పరచలేదు? కారణాలు చెప్పండి.